మిడ్‌ఫీల్డ్‌లో ‘మీ ఇష్టమండీ’

ఏలూరు గ్రౌండులో ఆడపిల్లలకి ఫుట్‌బాల్ నేర్పుతున్న రమణక్క చాలా రోజులుగా నన్ను అడుగుతోంది, హాస్టళ్ళకీ క్లబ్బులకీ వెళ్ళబోయే పిల్లల్ని కూర్చోబెట్టి నాలుగు మాటలు చెప్పమని. నలుగురి ముందు నిలబడి మాట్లాడటం నావల్ల కాదు. ఆడే రోజుల్లోనూ కాలేదు. చివరికి విసిగిపోయి, "పోనీ రాసియ్యవే, నేను చదివి వినిపిస్తాను" అంది. అందుకని రాస్తున్నాను.

నేను మిడ్‌ఫీల్డర్‌ని. అంటే మైదానం మధ్యలో ఆడేదాన్ని. నాకిప్పుడు ఇరవై ఏడు. ఆట మానేసి రెండేళ్ళు దాటింది. ఈ వయసులో రిటైరయ్యానంటే మా ఆఫీసులో నవ్వుతారు. పెదవేగి దగ్గర పామాయిల్ మొక్కల నర్సరీ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటాను. అక్కడ రిటైర్మెంటు అంటే శాలువా కప్పి భోజనాలు పెడతారు. నాకు అలాంటిదేమీ జరగలేదు. ఆట మానేశానని నేను ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

ఏ టోర్నమెంటులో ఏ కప్పు వచ్చిందో రాయను. అవన్నీ మా అమ్మ బీరువా మీద ఉన్నాయి. ఒక దాంట్లో సూదులూ దారాలూ పెట్టుకుంది.

చెరువు అడుగు

మాది కొల్లేటికోట వైపు. నాన్న చేపల చెరువు మీద కాపలా ఉంటాడు. చేపల పట్టుబడి అయిపోయాక చెరువులో నీళ్ళు తోడేసి, అడుగు నెర్రెలిచ్చేదాకా ఎండబెడతారు. మళ్ళీ నీళ్ళు పెట్టేదాకా ఆ అడుగే మా గ్రౌండు. చుట్టూ ఎటు చూసినా నీళ్ళే ఉండే ఊరిలో అంత చదునైన నేల ఇంకెక్కడా దొరకదు. చెరువు శుద్ధికి సున్నం చల్లిన రోజున ఆడితే కాళ్ళు మండేవి. చేపల వాసన ఒంటికి పట్టుకుని బడిలో పక్కపిల్లలు దూరం జరిగి కూర్చునేవాళ్ళు.

ఎండిన నల్లమట్టి మీద బంతి చెప్పిన మాట వినదు. నెర్రె అంచు తగిలితే పక్కకి దూకుతుంది. అందుకని అది మన దగ్గరికి వచ్చేదాకా ఆగకూడదు. ఎదురెళ్ళి అరికాలి కింద నొక్కిపట్టాలి. ఇంకొక సంగతి ఉంది. పైపొర ఎండినా కింద తడి పోదు. కాలు ఆనించి ఒళ్ళు తిప్పితే చాలు, కాలు కూడా జారి మనతో పాటే తిరుగుతుంది. తిరగడానికి బలం అక్కర్లేదు, మట్టే తిప్పుతుంది. నేను ఎవరూ నేర్పకుండా అలా తిరగడం నేర్చుకున్నాను. వెనక ఎంత దగ్గరగా మనిషి ఉన్నా ఒక్క గిరుకులో తప్పించుకునేదాన్ని.

ఆ తిరగడం చూసే సత్తిరాజు మాస్టారు నన్ను ఏలూరు తీసుకెళ్ళారు. ఆయన అక్కడి ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. బంధువుల పెళ్ళికి మా ఊరు వచ్చి, గట్టు మీద నిలబడి చూశారు. నాన్నని పిలిచి, "మీ అమ్మాయిని నాకు ఇస్తారాండీ, ఆడిస్తాను" అన్నారు. నాన్న తలగుడ్డ తీసి, "మీ ఇష్టమండీ" అన్నాడు. నన్ను అడగలేదు. అడిగినా నేనూ అదే అనేదాన్ని.

మధ్యలో ఆడటం

ముందు ఆడేవాళ్ళకి గోల్ ఒక్కటే కనిపిస్తే చాలు. వెనక ఆడేవాళ్ళకి మీదికి వచ్చే మనిషి కనిపిస్తే చాలు. మధ్యలో ఉన్నవాళ్ళకి నాలుగు వైపులా కళ్ళుండాలి, పైగా నోరుండాలి. వెనక మనిషి వస్తోందని, తిరగమని, ఆగమని అరుస్తూనే ఉండాలి. నాకు నోరు లేదు.

ఉన్న కాస్త మాటా మన గోదావరి మాట. మొదటి నెలలో ఒక ప్రాక్టీసులో రమణక్క దగ్గర బంతి ఉంది. అప్పట్లో అక్క మా కెప్టెను. వాళ్ళది అత్తిలి, వ్యవసాయం చేసే కుటుంబం. నేను ఖాళీగా ఉన్నాను. "అక్కా, ఇలా ఇస్తారాండీ" అన్నాను. అనేసరికే బంతి పోయింది.

మాస్టారు విజిలు ఊదారు. "ఏవమ్మా, పేరంటానికి పిలుస్తున్నావా? నువ్వు బొట్టు పెట్టి పిలిచేలోపు వాళ్ళు గోలు వేసేసి, టీ కూడా తాగేసి వస్తారు. గ్రౌండులో అండీ గిండీ లేదు. తెలిసిందా?"

"తెలిసిందండీ," అన్నాను.

అందరూ నవ్వారు, మాస్టారు కూడా. రమణక్క దగ్గరికొచ్చి, "గ్రౌండు గీత లోపల నన్ను ఏమే అను, ఒసే అను. గీత దాటాక అక్కా అను. నేనేమీ అనుకోను" అంది. నేను ఏమే అనలేకపోయాను. ఇప్పటికీ కల్లో కూడా అనలేదు.

దానికి బదులు వేరే దారి కనిపెట్టాను. మీలో సిగ్గరులుంటే ఇది పనికొస్తుంది. చెప్పవలసిన మాట బంతిలోనే పెట్టి పంపొచ్చు. బంతిని అందుకునే మనిషి వెనక ఎవరూ లేకపోతే ఆమెకి గోల్ వైపున్న కాలికి ఇవ్వండి, తనే తిరుగుతుంది. వెనక ఎవరైనా ఉంటే మీ వైపు కాలికి గట్టిగా ఇవ్వండి, తిరిగి మీకే ఇచ్చేస్తుంది. కొన్నాళ్ళకి మా జట్టంతా నా బంతి బరువు చూసి సంగతి గ్రహించేది. మాస్టారు దీన్ని మెచ్చుకున్నారు. మెచ్చుకోకుండా ఉండవలసింది. నోరు లేకపోయినా నెగ్గుకురావచ్చని నాకు నమ్మకం కుదిరింది. బంతి దగ్గరున్నంతసేపే అది నిజం.

ఉద్యోగం అసలు ఎలా ఉంటుందంటే

పంతొమ్మిదేళ్ళకి వేరే రాష్ట్రంలో ఒక క్లబ్బు వాళ్ళు తీసుకున్నారు. మీలో కొందరు అలాగే వెళ్తారు. ఏమి ఊహించుకుంటున్నారో నాకు తెలుసు, నేనూ ఊహించుకున్నాను.

అందులో ఎక్కువ భాగం ఎదురుచూడటమే. బస్సు కోసం, గ్రౌండు ఖాళీ అవడం కోసం, మగపిల్లల ప్రాక్టీసు పూర్తవడం కోసం, బట్టలు ఆరడం కోసం. పుస్తకాలు పట్టుకెళ్ళండి. నేను నవలలకి న్యూస్‌పేపర్ అట్టలు వేసుకుని చదివేదాన్ని, పేరు చూసి ఎవరూ ఏమీ అడగకుండా. సాయంత్రాలు డైరీ రాసుకునేదాన్ని. ఆ రెండూ లేకపోతే మొదటి ఏడాదే ఇంటికొచ్చేసేదాన్ని.

అన్నం దొరకదు అనను గాని మన అన్నం దొరకదు. ఇంకా ఒకటి, ఇది రమణక్క చదివేటప్పుడు గొంతు తగ్గించినా ఫరవాలేదు. అక్కడ మాకు తెల్ల నిక్కర్లు ఇచ్చారు. నెలకి కొన్ని రోజులు బంతి మీద కన్నా దాని మీదే ధ్యాస ఉండేది. రెండేసి వేసుకుని ఆడేవాళ్ళం. రంగు మార్చమని అడగడానికి జట్టులో ఒక్కరికీ నోరు రాలేదు. అడిగితే మార్చి ఉండేవాళ్ళే అనుకుంటాను. ఆ కోచ్ చెడ్డవాడు కాదు. ఆయనకి చెప్పకపోతే తెలియదు, అంతే. మీకు దొరకబోయే పెద్దవాళ్ళు చాలామంది అలాంటివాళ్ళే. దుర్మార్గులైతే జాగ్రత్తపడతాం. చెప్పకపోతే తెలియని మంచివాళ్ళ దగ్గరే ఎక్కువ నష్టపోతాం.

ఆ జట్టులో తెలుగుపిల్ల ఇంకొకతే, గోల్‌కీపర్ స్వర్ణ. తాడేపల్లిగూడెంలో వాళ్ళ నాన్నగారికి ఉల్లిపాయల హోల్‌సేల్ కొట్టు. కొట్లో పెరిగిన పిల్ల కాబట్టి ఎవరితోనైనా ఏ భాషలోనైనా బేరమాడేది. నా నోరూ తనే. కోచ్ నాతో ఏమన్నా దాని ద్వారానే వచ్చేది, నా జవాబు దాని ద్వారానే వెళ్ళేది.

మోకాలు

అక్కడి ప్రాక్టీసు గ్రౌండు ప్లాస్టిక్ గడ్డి. పచ్చగా, చదునుగా, ఒక్క నెర్రె లేకుండా ఉంటుంది. మొదటిరోజు దాని మీద చెయ్యి పెట్టి చూశాను, నాన్నకి చూపించాలనిపించింది.

ఆ గడ్డి మీద కాలు జారదు. బూటు కింద ఉండే మేకులు గడ్డిని పట్టేసుకుంటాయి. నేను మా చెరువులో తిరిగినట్టే తిరిగాను. ఒళ్ళు తిరిగింది, కాలు తిరగలేదు. కుడి మోకాలిలో కందికంప విరిచినట్టు చప్పుడైంది. పక్కనున్న పిల్ల బంతి వదిలేసి నా వైపు చూసింది, అంటే తనకీ వినిపించింది.

ఐసు పెట్టారు. బాగా వాచింది. కొన్నాళ్ళకి వాపు తీసింది, నడిచాను, మెల్లగా పరిగెత్తాను. తిన్నగా పరిగెడితే ఏమీ తెలిసేది కాదు. తిరగబోతే మాత్రం మోకాలు నాది కానట్టు ఉండేది. ఆ సంగతి డైరీలో రాసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

ఇంతలో పెద్ద మ్యాచ్ వచ్చింది. నా చోట ఆడే ఇంకొక అమ్మాయికి జ్వరం. బట్టలు మార్చుకునే గది బయట బెంచీ మీద కూర్చుని ఉంటే కోచ్ వచ్చారు. నా ఎదురుగా గొంతుక్కూర్చున్నారు, కళ్ళలోకి చూసి అడిగారు. అది నేను ఆయన పక్షాన చెప్పవలసిన మాట. ఆయన సరిగానే అడిగారు.

"ఆడగలవా అంటున్నారు. నొప్పుంటే వద్దు, నిజం చెప్పమంటున్నారు," అంది స్వర్ణ.

నాకు ఇష్టం లేదు. భయంగా ఉంది. కాని ఎదుటివాడు పెద్దవాడు, నా ముందు కింద కూర్చుని అడుగుతున్నాడు. మా ఇంట్లో డాక్టరు గారు అడిగినా, చెరువు యజమాని అడిగినా, పెళ్ళిలో వడ్డించేవాళ్ళు ఇంకాస్త వెయ్యమంటారా అని అడిగినా చెప్పే జవాబు ఒక్కటే. అది కాదనడమూ కాదు, అవుననడమూ కాదు. అడిగినందుకు మర్యాద, అంతే. అడిగినవాళ్ళు మన మొహం చూసి అసలు సంగతి తెలుసుకుంటారు. మా వైపు అందరికీ అలా చూడటం వచ్చు.

"మీ ఇష్టమండీ అని చెప్పు," అన్నాను.

స్వర్ణ నా వైపు చూసింది. "ఒసే, నీ ఇష్టం అడిగితే ఆయనిష్టం చెప్తావేంటే?"

"అలాగే చెప్పు."

చెప్పింది. ఆయన మొహం వెలిగిపోయింది. నా భుజం తట్టి లేచారు. వాళ్ళ వైపు ఆ మాటకి అర్థం నేను సిద్ధమని.

రెండో సగం దాకా ఆడాను. తిరగకుండా, వచ్చిన బంతి వచ్చినట్టే వెనక్కి ఇచ్చేస్తూ ఆడాను. ఒక్కసారి తిరగవలసి వచ్చింది. ఈసారి చప్పుడు కూడా రాలేదు. కింద పడి, ఆకాశం చూస్తూ, అమ్మకి ఏమని ఫోన్ చెయ్యాలా అని ఆలోచించాను.

తర్వాత

ఇంటికొచ్చాక అమ్మ ఒక కట్టు కట్టేవాడి దగ్గరికి తీసుకెళ్ళింది. గుడ్డు సొనా, ఆకుపసరూ వేసి బిగించాడు. వానాకాలమంతా ఆ వాసనలోనే పడుకున్నాను. కాలు సన్నబడింది, మోకాలు కుదరలేదు. మీకెవరికైనా మోకాలిలో చప్పుడు వినిపిస్తే ముందు స్కానింగుకి వెళ్ళండి. ఇందులో మొహమాటం వద్దు.

ఆఖరికి మాస్టారే ఏలూరులో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. డాక్టరు ఫిల్ము వెలుతురుకి పెట్టి చూశారు. "మొదటిసారి లోపలి తాడు తెగింది. అప్పుడే ఆపి వస్తే ఆపరేషన్ చేసి మళ్ళీ ఆడించేవాళ్ళం. రెండోసారి ఆడి, ఎముకల మధ్య మెత్తటి భాగం కూడా నలగ్గొట్టుకున్నావు. నడకకి లోటుండదు. ఆట సంగతి నేను చెప్పలేను." ఫిల్ము కవరులో పెడుతూ అడిగారు, "ఈ కాలుతో ఎవరమ్మా నిన్ను ఆడమన్నది?"

మాస్టారు నా వైపు చూశారు. నేను గోడ మీద అస్థిపంజరం బొమ్మ చూస్తూ కూర్చున్నాను. ఎవరూ ఆడమనలేదు.

ఆపరేషన్ అయింది. ఏడాది తర్వాత ఏలూరు గ్రౌండులో మళ్ళీ దిగాను. ఖాళీ ఎక్కడుందో కనిపించేది, బంతి ఎటు పోవాలో తెలిసేది. కాలు వెళ్ళేసరికి ఆ ఖాళీ మూసుకుపోయేది. కొన్ని నెలలు అలాగే చూశాను. ఒక సాయంత్రం బూట్లు విప్పి, మట్టి దులిపి, రమణక్క చేతికిచ్చాను, ఎవరికైనా సరిపోతే ఇమ్మని. అదే నా రిటైర్మెంటు.

మౌనిక

ఈ చివరి సంగతి రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. రాయకపోతే పైదంతా వట్టి ఉపదేశం అవుతుంది.

మౌనిక మీలో చాలామందికి తెలుసు. కొల్లేటికోట పిల్ల, పదిహేనేళ్ళు, మధ్యలో ఆడేది. వాళ్ళమ్మ రొయ్యల షెడ్డులో పొట్టు తీసే పనికి వెళ్తుంది. మౌనిక కూడా చెరువు అడుగులోనే నేర్చుకుంది, నాలాగే తిరిగేది. ఆదివారాలు నేను ఏలూరు వచ్చి, ఆ తిరుగుడు మాన్పించి, చిన్నచిన్న అడుగులతో తిరగడం నేర్పేదాన్ని. అప్పటికింకా పూర్తిగా మానలేదు.

మొన్న చలికాలంలో తాడేపల్లిగూడెంలో అకాడమీ హాస్టలుకి సెలక్షన్లు జరిగాయి. అందులో తీసుకుంటే చదువూ తిండీ ఆటా వాళ్ళే చూస్తారు. మౌనికకి వయసు ప్రకారం అదే ఆఖరి అవకాశం. రెండురోజుల ముందు ప్రాక్టీసులో పడింది, మోకాలు వాచింది. రమణక్క, "నువ్వు చూడవే. మోకాళ్ళ సంగతి మాకు నీ అంత తెలీదు. నువ్వెలా అంటే అలా" అని నా మీద పెట్టింది.

గూడెం గ్రౌండు పక్కన, చెట్టు నీడలో కూర్చోబెట్టి మోకాలు నొక్కి చూశాను. వేడిగా ఉంది. నాకు తెలిసింది అంతే. లోపల తాడు తెగిందో, పైన బెణికిందో వేళ్ళకి ఎలా తెలుస్తుంది? పేర్లు పిలుస్తున్నారు.

"తిప్పితే నొప్పిగా ఉందా?"

"కొంచెం అండి."

"చప్పుడు ఏమైనా వచ్చిందా పడ్డప్పుడు?"

"తెలీదండి."

"ఆడతావా?"

మౌనిక సాక్సు పైకి లాక్కుంది. "మీ ఇష్టమండీ అక్కా."

"నా ఇష్టం కాదమ్మా. కాలు నీది. నీకు ఆడాలనుందా, భయంగా ఉందా?"

తల వంచుకుని నవ్వింది. వాళ్ళమ్మ వైపు చూశాను. ఆవిడ పని మానుకుని వచ్చింది, కొంగు నడుముకి దోపుకుని నిలబడి ఉంది. "మాకేం తెలుస్తుందండీ, మీరు ఎలా చెప్తే అలాగేనండి," అంది.

మా వైపు వాళ్ళకి మొహం చూసి తెలుసుకోవడం వచ్చని పైన రాశాను. నేను ఆ పిల్ల మొహం చూశాను. అందులో నా మొహమే కనిపించింది, బెంచీ మీద కూర్చున్నప్పటిది. భయమే కనిపించింది. అది ఆ పిల్లదో నాదో అప్పుడు ఆలోచించలేదు.

"అయితే వద్దు," అన్నాను.

"అలాగేనండి," అంది. బూట్లు విప్పి, తాళ్ళు రెండూ కలిపి ముడేసి, మెడలో వేసుకుంది. తిరుగు రైల్లో కిటికీ దగ్గర కూర్చుంది. ఏలూరు వచ్చేదాకా అటే చూసింది.

మర్నాడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. బెణుకు. లోపల అంతా బాగానే ఉంది. వారంలో వాపు తీసేసింది. "ఆడి ఉన్నా పెద్దగా ఏమీ అయ్యేది కాదు," అన్నారు డాక్టరు, నన్ను ఊరడించడానికి.

ఆ తర్వాత మౌనిక గ్రౌండుకి రాలేదు. రమణక్క రెండుసార్లు వెళ్ళొచ్చింది. బడి అయ్యాక వాళ్ళమ్మతో షెడ్డుకి వెళ్తోందని చెప్పింది.

పోయిన ఆదివారం నేనే వెళ్ళాను. ఊరి పక్క చెరువు ఒకటి ఎండబెట్టారు, అడుగున పిల్లలు ఆడుతున్నారు. మౌనిక గట్టు మీద కూర్చుని చూస్తోంది. రొయ్యల పనికి వేళ్ళు నాని, తెల్లగా ముడతలు పడ్డాయి. పక్కన కూర్చున్నాను. ఇద్దరం ఆట చూశాం. మధ్యలో ఆడే పిల్ల ఒకతి, తిరగకూడని చోట తిరిగి బంతి పోగొట్టుకుంది.

"ముందే చూసుకోవాలి అది," అంది మౌనిక, నెమ్మదిగా, తనలో తను.

"వచ్చే వారం నుంచి రా. ఇంకో ఏడాది కష్టపడితే జిల్లా జట్టుకి చూడొచ్చు. ఛార్జీలు రమణక్క చూస్తుంది," అన్నాను. తర్వాత ఇన్నాళ్ళూ అందరూ నన్ను అడిగినదే, నేను ఆ పిల్లని అడిగినదే, మళ్ళీ అడిగాను. "ఆడతావా?"

ఈసారి తల వంచుకోలేదు. నా మోకాలి వైపు ఒకసారి చూసింది, తర్వాత నా మొహంలోకి చూసింది.

"ఆడనండి," అంది.

ఈ మాట చెప్పడం నేర్పాలనే ఈ నాలుగు పేజీలూ మొదలుపెట్టాను. విన్నాక ఏమనాలో నాకు ఎవరూ నేర్పలేదు. సరేనమ్మా అని లేచాను. పల్లం దిగేటప్పుడు కుడికాలు పూర్తిగా వంగదు, దాన్నే ముందు చాపి వేసుకోవాలి. అలా ఒక్కొక్క అడుగే గట్టు దిగుతుంటే వెనక నుంచి మౌనిక వచ్చి, కిందిదాకా నా చెయ్యి పట్టుకుంది.